పెళ్లి ఫొటోలు, వీడియోలకు రేటు ఎలా కట్టాలి: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు లెక్కతో సహా

నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పెళ్లికి 28,000 రూపాయలు అడిగాను. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, మా తెనాలిలో రెండు వీధుల అవతల స్టూడియో ఉన్న ఆయన 30,000 తీసుకుంటున్నాడని విన్నాను. కొత్తవాణ్ణి కదా అని రెండు వేలు తగ్గించి చెప్పాను. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకు. అప్పగింతలు అయ్యేసరికి బాగా తెల్లారిపోయింది. రెండు నెలల తర్వాత ఆల్బమ్ ఇచ్చి వచ్చిన రాత్రి, ఒక నోట్‌బుక్‌లో ఖర్చులన్నీ వరసగా రాసి కూడితే, పది రోజుల పనికి నాకు మిగిలింది 1,900 రూపాయలు.

ఆ స్టూడియో ఆయనకి వీడియో తీసే తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. షాపు సొంతం. కెమెరాల మీద అప్పు ఎప్పుడో తీరిపోయింది. నాకు ఈ మూడూ లేవు. ఆయన రేటు ఆయన ఖర్చుల్లోంచి వచ్చింది, నేనేమో నా ఖర్చు చూసుకోకుండా ఆయన రేటు పట్టుకున్నాను.

ఇప్పటికీ ఈ లైన్లోకి వచ్చే కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది "అన్నా, పెళ్లికి ఎంత చెప్పమంటావు?" అనే. ఎవరికీ అంకె చెప్పను. లెక్క ఎలా వేసుకోవాలో మాత్రం కూర్చోబెట్టి చెబుతాను. అదే ఇక్కడ రాస్తున్నాను. కింద వేసిన అంకెలు ఒక చిన్న పట్నంలో ఒక్కడే మొదలుపెట్టిన కుర్రాడి కోసం, లెక్క అర్థం కావడానికి వేసినవి. మీది హైదరాబాదైనా, హనుమకొండైనా, అమలాపురమైనా వాటిని తీసేసి మీ అంకెలు పెట్టుకోండి. లెక్క వేసే పద్ధతి అదే.

మొదటి మెట్టు: పంచాంగం ముందు పెట్టుకోండి

మిగతా వ్యాపారాలకి ఏడాదంటే పన్నెండు నెలలు. మనకి కాదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు. పైగా గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చి పడితే మంచి నెలలు కూడా చేజారిపోతాయి. అధిక మాసం వస్తే ఇంకొక నెల పోతుంది. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం అలా వచ్చినవే. షాపు అద్దె, కరెంటు బిల్లు మాత్రం మూఢంలో కూడా వస్తాయి.

మంచి ముహూర్తం ఉన్న రోజున ఊళ్లో ఏ కల్యాణ మండపమూ ఖాళీ ఉండదు. మీకు ఒకే తేదీకి నలుగురు ఫోన్ చేస్తారు. వాటిలో మీరు చేయగలిగేది ఒక్కటే. అందుకే "నెలకి నాలుగు పెళ్లిళ్లు, ఏడాదికి 48" అని లెక్కవేసుకుని దిగిన వాళ్లు మొదటి మూఢంలోనే చేతులెత్తేస్తారు.

కొత్త సంవత్సరం పంచాంగం రాగానే ముహూర్తాల పేజీ తీసి, ఒకదానికొకటి అడ్డం రాకుండా ఎన్ని రోజులు పట్టుకోగలరో గుర్తుపెట్టండి. అందులో కొత్తవాళ్లకి దక్కేది సగం అనుకోండి. నా ఉదాహరణలో మొదటి ఏడాదికి 18 పెళ్లిళ్లు, 20 చిన్న ఫంక్షన్లు అనుకుందాం. బారసాల, అన్నప్రాసన, ఓణీల ఫంక్షన్, పంచెకట్టు, గృహప్రవేశం, పుట్టినరోజు, షష్టిపూర్తి లాంటివి చిన్న ఫంక్షన్లు. వీటిలో పుట్టినరోజులకి ముహూర్తంతో పనిలేదు. స్కూళ్ల వార్షికోత్సవాలు, షోరూమ్ కార్యక్రమాలు కూడా అంతే. మూఢంలో మిమ్మల్ని నిలబెట్టేవి ఇవే కాబట్టి వీటిని చిన్నచూపు చూడకండి.

రెండో మెట్టు: ఒక పెళ్లికి నిజంగా ఎన్ని రోజులు పడుతుంది?

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి, ఎందుకంటే నష్టమంతా ఇక్కడే దాక్కుంటుంది. పెళ్లివాళ్లకి కనిపించేది మనం కెమెరా పట్టుకున్న ఒక రాత్రి. "ఒక్క రాత్రికి 75,000 ఏంటండీ?" అని వాళ్లు అడగడంలో తప్పు లేదు. మిగతా రోజులు మనం కూడా లెక్కపెట్టుకోకపోవడమే తప్పు.

నా నోట్‌బుక్‌లో మామూలు పెళ్లి ఒకటి ఇలా ఉంటుంది. ఇంటికి వెళ్లి మాట్లాడటం, మండపం చూసి రావడం, ఫోన్లు కలిపి ఒక రోజు. పెళ్లికూతుర్ని చేసే కార్యక్రమం ఒక రోజు. పెళ్లి ఒకటిన్నర రోజు, ఎందుకంటే సాయంత్రం ఎదురుకోలుకి వెళ్లినవాళ్లం జీలకర్ర బెల్లం, సూత్రధారణ, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అన్నీ అయ్యాక మర్నాడు ఇంటికి చేరతాం, ఆ పూట ఇంకో పని చేయలేం. కార్డులన్నీ రెండు డిస్కుల్లోకి ఎక్కించి సరిచూసుకోవడం అర రోజు. మూడు వేల అయిదు వందల ఫొటోల్లోంచి ఆరు వందలు ఏరడం ఒక రోజు. కలర్ కరెక్షన్ రెండు రోజులు. ఆల్బమ్ ఫొటోల ఎంపిక కోసం వెంటపడటం, డిజైన్ చూసి దిద్దించడం ఒక రోజు. ఎడిటర్ పంపిన వీడియో చూసి మార్పులు చెప్పడం అర రోజు. ల్యాబ్ నుంచి ఆల్బమ్ తెచ్చి, చూసి, ఇచ్చి రావడం అర రోజు. మొత్తం తొమ్మిది రోజులు.

చిన్న ఫంక్షన్‌కి ఇదే వరసలో మూడు రోజులు వస్తుంది.

పెళ్లిళ్లు 18 ఇంటూ 9 అంటే 162 రోజులు. ఫంక్షన్లు 20 ఇంటూ 3 అంటే 60. కలిపి 222 పనిరోజులు. ఏడాదిలో ఒక మనిషి ఆరోగ్యంగా చేయగలిగిన పనే ఇది. మీ లెక్కలో 300 దాటితే మీరు పగలు షూటింగ్, రాత్రి ఎడిటింగ్ చేస్తారన్నమాట. అలా రెండు సీజన్లు చేసి నడుం, కళ్లు పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను. పని ఎంత నచ్చినా సరే, అంత ఒప్పుకోకండి.

మూడో మెట్టు: పని ఉన్నా లేకపోయినా అయ్యే ఖర్చు

ముందు సామాను. మెయిన్ కెమెరా బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) 1,70,000, రెండో బాడీ 1,00,000, రెండు లెన్సులు 1,40,000, ఫ్లాషులు లైట్లు బ్యాటరీలు కార్డులు 60,000, ఎడిటింగ్ కంప్యూటర్ 1,10,000. మొత్తం 5,80,000. నాలుగేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే 1,40,000 వస్తుందనుకుంటే, కరిగిపోయేది 4,40,000. ఏడాదికి 1,10,000. దీన్నే అరుగుదల అంటాను.

నాలుగేళ్లే ఎందుకు? ఈ తరగతి కెమెరాల్లో చాలావాటికి షట్టర్‌ని సుమారు 2,00,000 క్లిక్‌ల వరకు పరీక్షించామని కంపెనీలు చెబుతాయి. పెళ్లికి 3,500, ఫంక్షన్‌కి 1,200 చొప్పున మన ఏడాది పనికి 87,000 క్లిక్‌లు అవుతాయి. రెండు బాడీల మీద పంచుకుంటే నాలుగున్నరేళ్లు. ఆ లోపే కొత్త కెమెరాకి డబ్బు పక్కన పడి ఉండాలి. పాతది పోయిన రోజు అప్పుకి పరుగెత్తకూడదు.

సామాను అప్పు మీద తీసుకుంటే ఏడాది వడ్డీని కూడా ఈ ఖర్చులోనే కలపండి. అసలు మాత్రం మళ్లీ కలపొద్దు, అరుగుదలలో అది వచ్చేసింది. చిన్న వ్యాపారాలకి ముద్ర రుణాలు ఉన్నాయి. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు ఇస్తారు. చిన్న వ్యాపారాన్ని నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

మిగతావి: షాపు అద్దె, కరెంటు, ఇంటర్నెట్ నెలకి 7,000 చొప్పున 84,000. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, వీడియోలకి లైసెన్స్ ఉన్న సంగీతం 30,000. సర్వీసింగ్, ఇన్సూరెన్స్ 24,000. ఫోన్, ప్రకటనలు, తిరుగుడు 22,000. అరుగుదలతో కలిపి ఏడాదికి 2,70,000.

ఇక అందరూ మర్చిపోయేది, మీ జీతం. "మిగిలిందే నా జీతం" అని మాత్రం అనుకోవద్దు. మీరే ఇంకో స్టూడియోలో పనిచేస్తే ఎంతిస్తారో కనీసం అంత రాయండి. నెలకి 25,000 అనుకుంటే ఏడాదికి 3,00,000.

రెండూ కలిపితే 5,70,000. దాన్ని 222 పనిరోజులతో భాగిస్తే 2,568. పైకి సరిచేస్తే 2,600. ఈ అంకెని గోడ మీద రాసి పెట్టుకోండి. మీరు ఎవరి పని మీద ఒక రోజు గడిపినా ఆ పని 2,600 రూపాయలు మోయాలి. పెళ్లికి తొమ్మిది రోజులు కాబట్టి 23,400. చిన్న ఫంక్షన్‌కి 7,800.

నాలుగో మెట్టు: ఆ పెళ్లికే అయ్యే ఖర్చు

ఇవి పెళ్లి ఒప్పుకుంటేనే అయ్యే ఖర్చులు. క్యాండిడ్ ఫొటోలు, అంటే పోజు పెట్టించకుండా సహజంగా తీసేవి, మీరే తీస్తున్నారనుకుందాం. సినిమాలా కనిపించే సినిమాటిక్ వీడియో తీసే అతనికి 9,000. తంతు మొత్తం వరసగా తీసే ట్రెడిషనల్ వీడియోకి రెండు కార్యక్రమాలకీ కలిపి 7,000. స్టేజీ దగ్గర గ్రూప్ ఫొటోలు తీసే ట్రెడిషనల్ ఫొటోగ్రాఫర్‌కి 4,000. లైట్ పట్టుకునే కుర్రాడికి 1,500. టీజర్, హైలైట్స్, ఫుల్ వీడియో ఎడిటింగ్ బయట ఇస్తే 7,000. కారు, డీజిల్, టిఫిన్లు 2,500. హార్డ్ డిస్కులో ఈ పెళ్లి వాటా, పెన్‌డ్రైవ్ కలిపి 2,500.

డిస్కు ఖర్చు ఎవరూ రాయరు. ఒకసారి లెక్కేసి చూడండి. 4కె వీడియో సెకనుకి 100 మెగాబిట్ల దగ్గర తీస్తే గంటకి 45 జీబీ. రెండు వీడియో కెమెరాలు కలిపి ఎనిమిది గంటలు తిరిగితే 360 జీబీ. దాని మీద ఫొటోల రా ఫైళ్లు, అంటే కెమెరా నుంచి నేరుగా వచ్చే పెద్ద ఫైళ్లు. వీటన్నిటికీ రెండు కాపీలు కావాలి. ఒక్క కాపీతో ఎప్పుడూ ఇంటికి రావద్దు. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదా. మండపంలో భోజనాల టైములోనే ల్యాప్‌టాప్ తీసి మొదటి కాపీ చేసుకుంటాను. రెండోది ఇంటికి రాగానే, నిద్రపోకముందే.

ఆల్బమ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన వైపు పెళ్లికి 12 బై 36 అంగుళాల ఆల్బమ్ బాగా నడుస్తుంది. డిజైన్ 70, ప్రింట్ 180 కలిపి షీట్‌కి 250 అనుకుంటే 40 షీట్లకి 10,000. కవరు, పెట్టె 1,500. మొత్తం 11,500. ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత పెళ్లికూతురి అమ్మగారు ఫొటోలు ఎంచడానికి కూర్చుంటారు. మేనత్తలు, తోడికోడళ్లు, ఊరి నుంచి బస్సులో వచ్చిన పెద్దమ్మ, అక్షింతలు వేసిన ప్రతి జంట. ఎవర్ని తీసేసినా రేపు మాట వస్తుంది. అలా 40 షీట్లు 62 అవుతాయి. నా రెండో ఏడాదిలో ఒక ఇంట్లో సరిగ్గా 62 అయ్యాయి. "ఆల్బమ్ ఇస్తానని మీరే అన్నారుగా బాబూ" అన్నారావిడ. నేను అన్నమాట నిజమే, ఎన్ని షీట్లో నేనెక్కడా రాయలేదు. ఆ 22 షీట్ల డబ్బు, 5,500 రూపాయలు, నా జేబులోంచే పోయింది. అప్పటి నుంచి కొటేషన్‌లో "40 షీట్లు, ఆపైన ఒక్కో షీట్‌కి 400" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎంపిక మొదలుపెట్టే రోజు దాన్ని నోటితో కూడా చెబుతాను.

అన్నీ కలిపితే ఈ పెళ్లికి చేతి నుంచి పెట్టే ఖర్చు 45,000.

అయిదో మెట్టు: మూడు అంకెలు

45,000కి మీ రోజుల విలువ 23,400 కలిపితే 68,400. ఇది అడుగు రేటు. దీని కింద ఒప్పుకుంటే మీరు మీ జీతంలోంచి ఆ పెళ్లికి డబ్బు ఇస్తున్నట్టు. దీని మీద పది శాతం, 6,840 కలిపితే 75,240. ఆ పది శాతం లాభం అనుకుని ఖర్చుపెట్టొద్దు. పెళ్లి రోజున లెన్స్ జారిపడి అద్దెకి తెచ్చుకోవాల్సి రావచ్చు, చివరి వాయిదా ఎగ్గొట్టే ఇల్లు ఒకటి తగలొచ్చు, మూఢం ఎక్కువ రోజులు ఉండొచ్చు. ఆ డబ్బు వీటికే. కొటేషన్‌లో 75,000 అని రాస్తాను.

ఇదే పద్ధతిలో బారసాలకి వేద్దాం. వీడియో అతనికి 4,000, ఎడిటింగ్ 2,000, 20 షీట్ల ఆల్బమ్ కవరుతో 6,000, ప్రయాణం, పెన్‌డ్రైవ్ కలిపి 1,400. మొత్తం 13,400. దానికి 7,800, ఆపైన పది శాతం కలిపితే సుమారు 23,500.

ఇప్పుడు మీ ఊళ్లో మిగతావాళ్ల రేట్లు తెలుసుకోండి. అంతకుముందు వద్దు. మీ అంకె వాళ్లకన్నా చాలా ఎక్కువ వస్తే ఖర్చులో ఏది తగ్గుతుందో చూడండి. షాపు తీసేసి ఇంట్లోనే ఒక గదిలో మొదలుపెడితే 84,000లో చాలా భాగం మిగులుతుంది. నా మటుకు మొదటి రెండేళ్లు షాపు అక్కర్లేదనే చెబుతాను. పనిచ్చేవాళ్లు ఫోన్‌లో ఫొటోలు చూసి వస్తున్నారు, బోర్డు చూసి కాదు. అదే జీతం తగ్గించుకుని రేటు తగ్గిస్తే మాత్రం ఆ రేటు ఊరంతా మీ పేరు మీద పాకుతుంది. మళ్లీ పెంచడానికి ఏళ్లు పడుతుంది.

గంటల లెక్కన రేటు చెప్పే పద్ధతి మన పెళ్లిళ్లకి పనికిరాదు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే మధ్యలో మూడు గంటలు ఖాళీగా కూర్చుంటాం, అయినా అక్కడే ఉండాలి. ఈవెంట్ల లెక్కన చెప్పండి. పెళ్లికూతుర్ని చేయడం ఒక ఈవెంట్, పెళ్లి ఒక ఈవెంట్, రిసెప్షన్ ఇంకొకటి. "ఆ రోజే పొద్దున మంగళస్నానాలు కూడా కొంచెం షూట్ చేసేయండి" అంటే అది కూడా విడిగా ఒక ఈవెంటే. సత్యనారాయణ వ్రతం కూడా.

ఆరో మెట్టు: "లాస్ట్ ఎంత?"

ఈ ప్రశ్న రాకుండా ఏ కొటేషనూ ముగియదు. అందుకని టెన్షన్ పడొద్దు. పెళ్లి చేస్తున్న తండ్రి మండపం దగ్గర నుంచి వంటవాళ్ల దాకా అందరితో బేరం ఆడుతూనే ఉంటాడు. మన దగ్గరా ఆడతాడు. ఆయన్ని తప్పు పట్టకండి.

నేను పాటించే పద్ధతి ఒకటే. పని తగ్గకుండా డబ్బు తగ్గదు. మొన్న ఒక పెద్దాయనతో మాట ఇలా నడిచింది.

"బాబూ, 75 చాలా ఎక్కువ. అవతల 60కే చేస్తామంటున్నారు."

"60లో కూడా చేద్దాం బాబాయ్ గారూ. సినిమాటిక్ కెమెరా తీసేస్తే 9,000 తగ్గుతుంది, అది లేకపోతే ఎడిటింగ్‌లో ఇంకో 3,000. ఆల్బమ్ 30 షీట్లు చేసుకుంటే 2,500. మొత్తం 14,500 పోతుంది. పైన 500 నేను వదిలేస్తాను. 60,000."

ఆయన కాగితం తీసుకుని భార్య వైపు చూశారు. "సినిమాటిక్ అంటే ఆ టీవీలో వేసినట్టు వచ్చేదేనా?" అని ఆవిడ అడిగారు. అవునన్నాను. "అమ్మాయి అదే కావాలంటోంది" అన్నారు. షీట్లు మాత్రం తగ్గించుకుని 72,500కి ఒప్పుకున్నారు. నేను ఒక్క రూపాయి నష్టపోలేదు, ఆయనకి కూడా తను దేనికి ఎంత ఇస్తున్నాడో తెలిసింది.

"ఫ్రీ" అనే మాట కొటేషన్‌లో రాయకండి. ప్రీ వెడ్డింగ్ షూట్ ఫ్రీ అని పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. లొకేషన్‌కి వెళ్లే రోజు, ఎడిటింగ్, తిరుగుడు కలిపి అది మూడు పనిరోజులు, అంటే మన లెక్కలో 7,800, డీజిల్ కాకుండా. డ్రోన్ కూడా అంతే. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బు తీసుకుని ఎగరేయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. గన్నవరం, శంషాబాద్ లాంటి విమానాశ్రయాల దగ్గర మండపాలైతే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) చూసుకోకుండా మాట ఇవ్వొద్దు. సర్టిఫికెట్ ఉన్న అతన్ని పిలిచి, ఆయన రేటు విడిగా వేయండి.

చుట్టాలు, స్నేహితుల దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు. మా మేనమామ కూతురి పెళ్లికి నేనేం చేశానంటే, బయటి ఖర్చు 45,000 ఆయన్ని పెట్టుకోమన్నాను. నా 23,400 చదివింపుల్లో నా పేరున రాసుకోమన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. తర్వాత ఎవరు అడిగినా అదే చెబుతున్నాను. నా కష్టం నేను కానుకగా ఇవ్వగలను. వీడియో అతని కూలి నేను కానుకగా ఇవ్వలేను.

చూపించుకోవడానికి పని లేని మొదటి రోజుల్లో తగ్గించాల్సి వస్తే, కాగితం మీద పూర్తి 75,000 రాసి, కింద "మొదటి మూడు పెళ్లిళ్లకి తగ్గింపు 10,000" అని విడిగా చూపించండి. వాళ్ల తరఫున వచ్చే తర్వాతి ఇంటికి 75,000 అన్నదే చేరుతుంది. దీనికన్నా మంచిది, ఒక సీజన్ మొత్తం పేరున్న సీనియర్ దగ్గర రెండో కెమెరాగా వెళ్లడం. పని వస్తుంది, కూలి వస్తుంది, ఆయన ఒప్పుకుంటే చూపించుకోవడానికి ఫొటోలూ ఉంటాయి.

అమెరికాలో ఉన్న పిల్లల పెళ్లి అనగానే రేటు రెట్టింపు చేయడం నాకు నచ్చదు. నిజంగా ఎక్కువ పని ఉంటే దానికి తీసుకోండి. లైవ్ స్ట్రీమింగ్, దానికోసం రెండు నెట్‌వర్కుల ఇంటర్నెట్, ఆన్‌లైన్‌లో ఫొటోల ఎంపిక, ఆల్బమ్ విదేశానికి పంపే ఖర్చు, ఇవన్నీ విడివిడిగా వేసి చూపిస్తే ఎవరూ కాదనరు.

ఏడో మెట్టు: డబ్బు ఎప్పుడు, మాట ఎక్కడ

బుకింగ్ రోజు 30 శాతం, పెళ్లికూతుర్ని చేసే రోజు 50 శాతం, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు 20 శాతం. 75,000లో మొదటి రెండూ కలిపితే 60,000. మన చేతి ఖర్చు 45,000 కాబట్టి, చివరి 15,000 ఆలస్యమైనా ఎవరి కూలీ ఆగదు. రెండో వాయిదా పెళ్లయ్యాక అని ఒప్పుకోవద్దు. అప్పగింతల తర్వాత ఆ ఇంట్లో డబ్బు మాట ఎత్తడం మనకీ మనసు ఒప్పదు, వాళ్లకీ కష్టమే.

ఒప్పందం ఒక పేజీ చాలు. ఏ తేదీ, ఏ ఈవెంట్లు, ఎంతమంది, ఎన్ని షీట్లు, ఫొటోలు ఎంచి ఇవ్వడానికి గడువు, ముహూర్తం మారితే అడ్వాన్స్ సంగతి. గడువు తప్పనిసరిగా రాయండి. ఏడు నెలలు ఎంపిక చేయకుండా ఉన్న ఇల్లు ఒకటి నాకు తగిలింది. ఈలోగా ల్యాబ్ షీట్ రేటు పెంచింది. నేను 60 రోజులు రాస్తాను, ఆ తర్వాత అయితే అప్పటి ల్యాబ్ రేటు.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. మనం కాదు. కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలన్నా అనుమతి వాక్యం ఒప్పందంలో ఉండాలి. కొన్ని కుటుంబాలకి ఆడపిల్లల ఫొటోలు బయట పెట్టడం ఇష్టం ఉండదు. ముందే అడిగితే గౌరవంగా ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: జీఎస్టీ దగ్గరికి వచ్చారేమో చూసుకోండి

సేవల వ్యాపారంలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. "నాకు అంత ఎక్కడొస్తుంది?" అనుకుంటారు. లెక్కేద్దాం. 18 పెళ్లిళ్లు ఇంటూ 75,000 అంటే 13,50,000. 20 ఫంక్షన్లు ఇంటూ 23,500 అంటే 4,70,000. మొత్తం 18,20,000. మీ జీతం మూడు లక్షలే, కానీ వీడియో అతనికి, ల్యాబ్‌కి ఇచ్చింది కూడా మీ టర్నోవర్‌లోకే వస్తుంది. ఇంకో మూడు పెళ్లిళ్లు ఒప్పుకుంటే 20 లక్షలు దాటిపోతారు. అప్పుడు ఫొటోగ్రఫీ సేవ మీద 18 శాతం, అంటే 75,000 మీద 13,500. కొటేషన్‌లో ఆ మాట లేకపోతే అది మీరే కట్టుకోవాలి. అందుకే మొదటి రోజు నుంచే "వర్తిస్తే జీఎస్టీ అదనం" అని రాయండి. కెమెరాలు, ల్యాబ్ బిల్లుల మీద కట్టిన పన్నుకి క్రెడిట్ వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో అది తగ్గుతుంది, బిల్లులు దాచుకోండి. 50 లక్షల లోపు సేవలకి 6 శాతం కాంపోజిషన్ దారి (చిన్న వ్యాపారాలకి తక్కువ రేటు పన్ను పద్ధతి) కూడా ఉంది, కానీ అందులో పన్ను పెళ్లివాళ్ల దగ్గర వసూలు చేయకూడదు, ఆ క్రెడిట్ కూడా రాదు. మీకు ఏది లాభమో ఒకసారి ఆడిటర్ దగ్గర కూర్చుని చూసుకోండి.

తొమ్మిదో మెట్టు: నోట్‌బుక్

ప్రతి పనికీ ఒక పేజీ. పైన అనుకున్న రోజులు, అనుకున్న ఖర్చు. కింద నిజంగా అయినవి. ఆల్బమ్ ఇచ్చి వచ్చిన రాత్రే నింపాలి, వారం ఆగితే సగం మర్చిపోతాం. కొత్త రేటు కార్డు నేను ఉగాదికి వేస్తాను. అప్పటికి పాత సీజన్ పేజీలన్నీ ముందుంటాయి, ల్యాబ్ కొత్త రేట్లూ తెలుస్తాయి, కుర్రాళ్లు కూలి ఎంత పెంచమంటున్నారో కూడా తెలుస్తుంది. ఉగాదికి ముందు అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పాత రేటే.

ఈసారి పేజీలు తిరగేస్తే నాలుగు పెళ్లిళ్లు తొమ్మిది రోజులు దాటి పదకొండుకి వెళ్లాయి. నాలుగింట్లోనూ కారణం ఒకటే, హైలైట్స్ వీడియోలో మళ్లీ మళ్లీ మార్పులు. ఒకసారి పాట మార్చమంటారు, ఒకసారి తాతగారి షాట్ ఇంకో రెండు సెకన్లు ఉంచమంటారు, ఆ తర్వాత మళ్లీ మొదటి పాటే బాగుందంటారు. అడిగేది ప్రేమతోనే, కాదనలేం. అందుకని ఈ ఉగాది కార్డులో ఎక్స్‌ట్రా షీట్ల వరస కింద కొత్తగా ఒకటి చేర్చాను: వీడియోలో మార్పులు రెండుసార్లు ప్యాకేజీలోనే, మూడోసారి నుంచి ప్రతిసారికీ 1,500.